పాత బల్ల రేడియో పునరుద్ధరణ

పాత బల్ల రేడియో పునరుద్ధరణ అనగా, వాల్వులతో పనిచేసే పాతకాలపు రేడియో గ్రాహకాన్ని, దాని చెడిపోయిన పెట్టెతో సహా బాగుచేసి, వీలైనంతవరకు తొలినాటి రూపానికీ పనితీరుకూ తీసుకొనివచ్చే ప్రక్రియ. గూట్లోగాని బల్లమీదగాని ఉంచుకొని వినడానికి వీలైన పరిమాణంలో తయారైన రేడియోలను బల్ల రేడియోలు అంటారు. 1930లనుండి 1960ల చివరివరకు ఇళ్ళలో ఇవే ఎక్కువగా కనిపించేవి. ట్రాన్సిస్టరు రేడియోలు చవుకగా దొరకడం మొదలైన తరువాత ఇవి క్రమంగా అటకలమీదికి చేరాయి. అక్కడ తేమకు, చెదలకు, ఎలుకలకు గురై వీటి పెట్టెలు దెబ్బతిన్నాయి. లోపలి విద్యుత్ భాగాలకంటె పెట్టెను బాగుచేయడమే కష్టమైన పని. వాల్వును, కెపాసిటరును మార్చవచ్చునుగాని, విరిగిపోయిన పెట్టెకు ప్రత్యామ్నాయం దొరకడం అరుదు.

చరిత్ర

మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైనవి. నిజాం ప్రభుత్వం నడిపిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఈ కాలంలో తెలుగువారి ఇళ్ళలో రేడియో ఒక విలువైన వస్తువు. మర్ఫీ, ఫిలిప్స్, బుష్, జి.ఇ.సి., నేషనల్ ఎకో వంటి పేర్లు సుపరిచితాలు. వేలు పెదవికి ఆనించుకొన్న పసిపాప బొమ్మతో వచ్చిన మర్ఫీ ప్రకటన పాత క్యాలెండర్ల ద్వారా చాలామందికి గుర్తున్నది. విద్యుత్తు లేని గ్రామాలలో 90 వోల్టుల పెద్ద డ్రై బ్యాటరీతో పనిచేసే రేడియోలను వాడేవారు. సాయంత్రం పంచాయతీ రేడియో వద్ద ఊరివారు గుమిగూడి వార్తలు, వ్యవసాయ కార్యక్రమాలు వినేవారు.

1980లలో రద్దయ్యేవరకు రేడియో ఉంచుకొనేవారు తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము చెల్లించవలసి ఉండేది. రేడియోతోపాటు ఈ లైసెన్సు పుస్తకం దొరికితే దానినికూడా భద్రపరచవలెను. రేడియోను కొన్న సంవత్సరాన్ని, అప్పటి యజమానిని తెలిపే ఆధారం అదే.

పెట్టెల రకాలు

బల్ల రేడియో పెట్టెలు ముఖ్యంగా మూడు రకాలు. పదార్థాన్నిబట్టి బాగుచేసే పద్ధతి మారుతుంది కనుక, ముందుగా పెట్టె ఏ రకానికి చెందినదో గుర్తించవలెను.

* చెక్క పెట్టెలు: ప్లైవుడ్‌తో చేసిన పెట్టెకు పైన అందమైన కలప పొరను అతికిస్తారు. ఈ పొరను వెనీరు అంటారు. దీని మందం సాధారణంగా ఒక మిల్లీమీటరుకంటె తక్కువే.
* బేకలైటు పెట్టెలు: లియో బేక్‌లాండ్ 1907లో కనుగొన్న బేకలైటును అచ్చులలో పోసి, వేడిమితో, ఒత్తిడితో తయారుచేసినవి. ఇవి సాధారణంగా ముదురు గోధుమరంగులోగాని నలుపులోగాని ఉంటాయి. బ్రిటన్‌లో 1934లో వెల్స్ కోట్స్ రూపకల్పన చేసిన గుండ్రని ఎకో ఎ.డి.65 రేడియో ఈ తరగతిలో ప్రసిద్ధమైనది.
* ప్లాస్టిక్ పెట్టెలు: 1950ల తరువాత వచ్చిన ఇవి వేడికి మెత్తబడతాయి. థిన్నరు, పెట్రోలు వంటి ద్రావకాలు తగిలితే కరుగుతాయి.

పెట్టెకూ భద్రతకూ గల సంబంధం

రేడియో పెట్టె కేవలం అలంకారం కాదు. చాలా రేడియోలలో అది మనిషికీ విద్యుత్తుకూ మధ్య ఉన్న ఏకైక అడ్డుగోడ. ఏకముఖ విద్యుత్తు, ఏకాంతర విద్యుత్తు రెండింటిమీదా పనిచేసేవిధంగా తయారైన రేడియోలలో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. కరెంటు తీగలలో ఒకటి నేరుగా లోపలి ఇనుప చట్రానికి, అనగా ఛాసిస్‌కు కలిసి ఉంటుంది. ప్లగ్గును తిరగవేసి పెట్టినట్లయితే ఛాసిస్ మొత్తం 230 వోల్టుల వద్ద ఉంటుంది.

అందువలననే తయారీదారులు మరలను చెక్కతోగాని బేకలైటుతోగాని చేసి, వాటిని బిగించే చిన్న స్క్రూల రంధ్రాలను మైనంతో పూడ్చేవారు. వెనుక రంధ్రాలుగల అట్టను అమర్చేవారు. పాత రేడియోలలో మర ఊడిపోయి ఇనుప కడ్డీ బయటపడి ఉండటం, వెనుక అట్ట పోవడం, పెట్టె అడుగు పుచ్చి ఛాసిస్ బిగింపు స్క్రూలు చేతికి తగలడం సాధారణం. ఇటువంటి రేడియోను "ఒకసారి పెట్టి చూద్దాము" అని ప్లగ్గులో పెట్టడం ప్రాణాపాయం. పెట్టె మరమ్మతు పూర్తి అయినదంటే మరలు, వెనుక అట్ట, అడుగు బిళ్ళలు అన్నీ యథాస్థానంలో ఉన్నవని అర్థం.

ట్రాన్స్‌ఫార్మరు ఉన్న రేడియోలలోకూడా లోపల 250 నుండి 300 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాతకూడా పెద్ద కెపాసిటర్లలో ఈ విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. కొన్ని వేల ఓముల నిరోధకంతో దానిని ఖాళీచేసి, మీటరుతో సరిచూసుకొన్న తరువాతే లోపల చేయి పెట్టవలెను. విద్యుత్ పనిలో అనుభవం లేనివారు పెట్టె పనిని మాత్రం తాము చేసుకొని, ఛాసిస్‌ను తెలిసిన మెకానిక్‌కు అప్పగించడం ఉత్తమం.

కాలనిర్ణయం

ఏమి మార్చవచ్చునో, ఏమి మార్చరాదో నిర్ణయించడానికి రేడియో ఏ కాలానిదో తెలియడం అవసరం. ఇందుకు కొన్ని ఆనవాళ్ళు ఉపయోగపడతాయి.

* ఎనిమిది కాళ్ళ అడుగుగల ఆక్టల్ వాల్వులు 1935లో వచ్చాయి. రిమ్‌లాక్ వాల్వులు 1940ల చివరిలోను, తొమ్మిది కాళ్ళ నోవల్ వాల్వులు దాదాపు 1950నుండి వాడుకలోకి వచ్చాయి.
* ఫ్రీక్వెన్సీకి హెర్ట్జ్ అనే ప్రమాణాన్ని అంతర్జాతీయంగా 1960లో స్వీకరించారు. డయల్‌మీద కిలోసైకిల్స్ అని ఉంటే అది సాధారణంగా పాత ముద్రణ.
* బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ ముద్రగల వాల్వులు 1960లనుండి కనిపిస్తాయి. అయితే వాల్వును తరువాత మార్చి ఉండవచ్చును కనుక ఇది ఒక్కటే ఆధారం కాజాలదు.
* పెట్టె లోపల అతికించిన కాగితంమీద మోడలు సంఖ్య, వాల్వుల అమరిక ఉంటాయి. ఈ కాగితాన్ని తడపరాదు, తుడవరాదు.

తొలి పరిశీలన, విడదీయడం

పనికి ముందు రేడియోను అన్ని వైపులనుండి ఫోటోలు తీయవలెను. ఊడిన చెక్కముక్క, విరిగిన బేకలైటు పెళ్ళ, రాలిన వెనీరు పేడు ఎంత చిన్నదైనా పారవేయక ఒక పొట్లంలో దాచవలెను. పోయిన ముక్కకు మారు ముక్క చేయడానికి ఒక రోజు పట్టవచ్చును. ఉన్న ముక్కను అతకడానికి ఒక నిమిషం చాలును.

మరలు బిగుసుకొనిపోతే స్క్రూడ్రైవరుతో ఎత్తి తీయరాదు. పలుచని గుడ్డను మర వెనుక చుట్టి మెల్లగా ముందుకు లాగవలెను. తరువాత అడుగు స్క్రూలను విప్పి, స్పీకరు తీగలను గుర్తించుకొని ఛాసిస్‌ను వెలికి తీయవలెను. డయల్ ముల్లును నడిపే దారం చక్రాలమీద ఏవిధంగా చుట్టి ఉన్నదో ముందుగానే కాగితంమీద బొమ్మ గీసుకొనవలెను. దారం తెగిన తరువాత ఆ చుట్టు ఊహకు అందదు.

లోపల ఎలుకల గూళ్ళు, మలం ఉంటే ముక్కుకు గుడ్డ కట్టుకొని ఆరుబయట శుభ్రంచేయవలెను. కొన్ని రేడియోలలో వేడి తగలకుండా పెట్టె లోపలి కప్పుకు ఆస్బెస్టాస్ రేకును అంటించేవారు. దానిని గీకడం, చింపడం ఆరోగ్యానికి హానికరం.

చెక్క పెట్టె మరమ్మతు

చెదలు, పుచ్చు

పెట్టె అడుగును, మూలలను దబ్బనంతో గుచ్చి చూడవలెను. దబ్బనం సులువుగా దిగితే లోపల చెక్క డొల్ల అయినదని అర్థం. పైకి టేకు వెనీరు చెక్కుచెదరక కనిపించినా, లోపలి ప్లైవుడ్‌ను చెదలు తినివేసి ఉండవచ్చును. కొద్దిపాటి పుచ్చుకు పలుచని ఎపాక్సీ జిగురును ఇంకించి గట్టిపరచవచ్చును. బరువు మోసే భాగమే పోతే, దానిని కోసివేసి అదే మందంగల కొత్త ప్లైవుడ్‌ను అమర్చడం తప్ప మార్గం లేదు. ఛాసిస్ బరువు మొత్తం ఆ అడుగు పలకమీదే ఉంటుంది.

పొరలు విడిపోవడం

వాన నీరు తగిలిన ప్లైవుడ్ పుస్తకం పుటలవలె విచ్చుకొంటుంది. దీనిని ఎండలో పెట్టరాదు, వంకరపోతుంది. నీడలో కొన్ని రోజులు ఆరనిచ్చి, పొరల మధ్యకు పలుచని కత్తితో జిగురు చేర్చి, రెండువైపులా బల్లచెక్కలు ఉంచి క్లాంపులతో బిగించి ఒక రోజు వదలివేయవలెను. జిగురు బల్లచెక్కలకు అంటకుండా మధ్యలో ప్లాస్టిక్ కాగితం ఉంచవలెను.

వెనీరు లేవడం

పెట్టెను గోటితో తడుతూ పోతే, వెనీరు లేచినచోట డొల్ల శబ్దం వస్తుంది. పాత పెట్టెలలో వడ్రంగులు వాడిన సరేసు పశువుల చర్మం, ఎముకలనుండి తీసిన జిగురు. ఇది వేడికి, తేమకు మళ్ళీ మెత్తబడుతుంది. అందుచేత తడిపి పిండిన గుడ్డను పరచి, ఒక మోస్తరు వేడిగల ఇస్త్రీ పెట్టెతో అద్ది, వెంటనే బరువు పెడితే చాలాసార్లు పాత జిగురే తిరిగి పట్టుకొంటుంది. పట్టుకొననప్పుడు, కలప రేఖల వెంబడి బ్లేడుతో సన్నని గాటు పెట్టి, ఇంజెక్షను సిరంజితో జిగురు పంపి బిగించవలెను. ఇస్త్రీ పెట్టె వేడికి పాలిష్ తెల్లబారవచ్చును. పైపూతను ఎలాగూ మార్చదలచిన చోటనే ఈ పద్ధతి తగినది.

వెనీరు పోయినచోట అదే కలపతో అతుకు వేయవలెను. అతుకును చతురస్రంగా కోస్తే అడ్డగీతలు కంటికి కొట్టవచ్చినట్లు కనిపిస్తాయి. రెండు చివరలు సూదిగా ఉండే పడవ ఆకారంలో, రేఖలు కలిసేవిధంగా కోసినట్లయితే అతుకు పెద్దగా కనిపించదు.

పైపూత

వెనీరు పెట్టెలను పాడుచేసే ప్రధాన కారణాలలో ఒకటి గరుకు కాగితం. ఒక మిల్లీమీటరుకంటె పలుచని పొరను గట్టిగా రుద్దితే, ముఖ్యంగా అంచులవద్ద, క్షణాలలో అడుగు ప్లైవుడ్ బయటపడుతుంది. దానిని మళ్ళీ కప్పడం సాధ్యం కాదు.

పాత పూతను తీయడానికి ముందు అది ఏదో తెలుసుకొనవలెను. కనబడని చోట దూదితో స్పిరిట్ అద్దినప్పుడు పూత మెత్తబడితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు చెదరక థిన్నరుకు కరిగితే అది నైట్రోసెల్యులోజ్ లాకర్. చాలా పెట్టెలకు పూత తీయవలసిన అవసరమే ఉండదు. ఏళ్ళ మురికిని, కర్పూరపు ధూపం, వంటింటి పొగ మరకలను కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తీసి, మైనపు పాలిష్ పట్టిస్తే సరిపోతుంది. తయారీదారు పేరు, మరల వద్ద ఉండే గుర్తులు పూతపై అంటించిన పలుచని ముద్రలు కనుక వాటి జోలికి పోరాదు.

కొత్తగా లక్క పాలిష్ వేయవలసి వస్తే, లక్క రేకులను స్పిరిట్‌లో రాత్రంతా నానవేసి వడగట్టి, దూదిని గుడ్డలో చుట్టిన ఉండతో పలుచగా అనేక పూతలు పూయవలెను. వానాకాలంలో గాలిలోని తేమవలన పూత పాలవలె తెల్లబడుతుంది. కోస్తా జిల్లాలలో ఈ పనిని పొడి వాతావరణంగల నెలలకు వాయిదా వేయడం మంచిది. స్పిరిట్, థిన్నరు త్వరగా అంటుకొంటాయి కనుక దగ్గరలో దీపంగాని పొయ్యిగాని ఉండరాదు.

బేకలైటు పెట్టె మరమ్మతు

బేకలైటు ఒకసారి గట్టిపడిన తరువాత మళ్ళీ కరగదు. కనుక విరిగిన ముక్కలను కరిగించి అతకడం సాధ్యం కాదు. ముక్కల అంచులను శుభ్రంచేసి, ముందుగా జిగురు లేకుండానే కూర్చి చూసి, టేపుతో కదలకుండా నిలిపి, తరువాత ఎపాక్సీ జిగురు పెట్టవలెను. పెట్టె లోపలివైపు ఫైబర్‌గ్లాసు గుడ్డముక్కను అదే జిగురుతో అంటిస్తే పగులు మళ్ళీ సాగదు. పెళ్ళ పోయినచోట రంగుపొడి కలిపిన ఎపాక్సీతో పూడ్చవచ్చును.

బేకలైటులో రంపపు పొట్టు వంటి పూరకాలు, కొన్నింటిలో ఆస్బెస్టాస్ సైతం ఉంటాయి. అందువలన పొడిగా రుద్దరాదు; నీటితో తడుపుతూ రుద్ది, ముక్కుకు తగిన మాస్కు ధరించవలెను. నిగనిగలాడే పైపొర రెజిన్ అధికంగా ఉన్న పలుచని పొర. అది అరిగిపోతే లోపలి పూరకం బయటపడి పెట్టె శాశ్వతంగా మసకబారుతుంది. లోహాలకు వాడే మెత్తని పాలిష్ ముద్దతో తేలికగా రుద్దడం వరకే పరిమితం కావలెను.

డయల్ గాజు, స్పీకరు గుడ్డ

పునరుద్ధరణలో తిరిగి సరిదిద్దలేని నష్టం ఎక్కువగా జరిగేది డయల్ గాజు వద్ద. మద్రాసు, ఢిల్లీ, సిలోన్, లండన్ వంటి ఊళ్ళ పేర్లు గాజు వెనుకవైపున ముద్రించి ఉంటాయి. కాలక్రమాన ఆ రంగు గాజుమీద పట్టు కోల్పోతుంది. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే అక్షరాలన్నీ గుడ్డకే వచ్చివేస్తాయి. కనుక ముందువైపు మాత్రమే తడిగుడ్డతో తుడిచి, అక్షరాలు ఉన్న వైపును పొడి మెత్తని కుంచెతో దుమ్ము దులపడంతో సరిపెట్టవలెను. గాజును ముట్టుకొనకముందే స్పష్టమైన ఫోటో తీసి ఉంచుకొంటే, ప్రమాదవశాత్తు పగిలినా పారదర్శక ఫిల్ముపై అచ్చు వేయించి కొత్త గాజు అమర్చుకొనవచ్చును.

స్పీకరు గుడ్డ చినిగితే, అదే కాలపు నేతను పోలిన పలుచని గుడ్డను ఎన్నుకొనవలెను. ఒత్తు గుడ్డ ధ్వనిని అణచివేస్తుంది. స్పీకరు కాగితపు కోను చిరుగులను పలుచని కాగితంతో, నీళ్ళు కలిపిన తెల్ల జిగురుతో అతకవచ్చును.

ఛాసిస్ పునరుద్ధరణ

పెట్టె ఆరుతూ ఉండగా ఛాసిస్ పని చేసుకొనవచ్చును. ఈ పనిలో ముఖ్యాంశాలు ఇవి.

* మైనపు కాగితపు కెపాసిటర్లు కాలక్రమంలో తేమ పీల్చి లీకవుతాయి. వీటిలో ముఖ్యమైనది చివరి వాల్వు గ్రిడ్‌కు ధ్వని సంకేతాన్ని అందించేది. అది లీకైతే గ్రిడ్‌కు ధనవిద్యుత్తు చేరి, వాల్వు ఎర్రగా కాలి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుకూడా మాడిపోతుంది. రేడియోకు కరెంటు ఇవ్వకముందే దీనిని మార్చవలెను.
* కరెంటు తీగల మధ్య ఉండే కెపాసిటరుకు ఎక్స్ తరగతిది, తీగకూ ఛాసిస్‌కూ మధ్య ఉండేదానికి వై తరగతిది వాడవలెను. సాధారణ కెపాసిటరు షార్టయితే నిప్పంటుకొనవచ్చును, లేదా షాకు కొట్టవచ్చును.
* ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోతే రేడియోలో గుయ్ మనే రొద వస్తుంది. పాత డబ్బాను చట్రంమీద అలాగే ఉంచి, కొత్తవాటిని ఛాసిస్ అడుగున అమర్చే పద్ధతి ఉన్నది. ఇందువలన పైరూపం మారదు.
* రబ్బరు తొడుగు పెళుసుబారిన తీగలను, కరెంటు తీగను మార్చవలెను. కొన్ని రేడియోలలో తీగలోనే నిరోధకం ఉంటుంది. ఆ తీగను కత్తిరించి పొట్టిచేస్తే వాల్వుల ఫిలమెంట్లకు అధిక విద్యుత్తు వెళ్ళి అవి మాడిపోతాయి.
* ట్యూనింగు కాయిల్స్‌లోని మరలను ఆదిలోనే తిప్పరాదు. మిగిలిన లోపాలు సరిచేసిన తరువాత, సిగ్నల్ జనరేటరు ఉన్నప్పుడే ఆ పని చేయవలెను.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బును రేడియోతో శ్రేణిలో కలుపుతారు. మెకానిక్‌లు దీనిని సిరీస్ బల్బు అంటారు. బల్బు పూర్తి కాంతితో వెలిగి అలాగే నిలిస్తే లోపల షార్టు ఉన్నదని అర్థం. మందంగా వెలుగుతూ ఉంటే పరీక్ష కొనసాగించవచ్చును. ఈ బల్బు రేడియోను కాపాడుతుందేగాని మనిషిని షాకునుండి కాపాడదు. స్పీకరు తీగలు విప్పి ఉండగా రేడియోను పెట్టరాదు.

పరిరక్షణ, పునరుద్ధరణ: భిన్నాభిప్రాయాలు

పాత రేడియోల విషయంలో రెండు దృక్పథాలు ఉన్నవి. వస్తువు కొత్తదానివలె మెరవవలెనని కొందరు భావిస్తారు. గీతలు, వెలిసిన రంగు, మర చుట్టూ వేళ్ళు అరగదీసిన గుర్తు అన్నీ ఆ వస్తువు చరిత్రలో భాగమని, చెడు మరింత పెరగకుండా ఆపితే చాలునని మరికొందరు అంటారు. సంగ్రహాలయాలలో సాధారణంగా రెండవ పద్ధతిని పాటిస్తారు. ఇంట్లో వాడుకొనేవారు భద్రత దృష్ట్యా కొన్ని భాగాలను మార్చక తప్పదు. ఉభయులూ అంగీకరించే సూత్రాలు మూడు: అవసరమైనంత మేరకే చేయి పెట్టడం, మళ్ళీ వెనుకకు తీయగల పద్ధతిని ఎంచుకొనడం, చేసిన ప్రతి మార్పును కాగితంమీద వ్రాసి పెట్టెలోనే ఉంచడం. సరేసు, లక్క పాలిష్ ఈ రెండవ సూత్రానికి సరిపోతాయి. ఎపాక్సీ సరిపోదు కనుక వేరు మార్గం లేనిచోటనే దానిని వాడవలెను.

ఛాసిస్‌ను తీసి పారవేసి, పెట్టెలో బ్లూటూత్ స్పీకరును అమర్చే అలవాటు ఇటీవలి కాలంలో వ్యాపించినది. అలా చేసిన తరువాత అది రేడియో కాదు, రేడియో ఆకారంలో ఉన్న పెట్టె మాత్రమే. పారవేసిన ఛాసిస్ తిరిగి రాదు.

అయితే, బాగుచేసిన రేడియోలో ఏమి వినవలెను అనే ప్రశ్న సమంజసమైనదే. జర్మనీలో డాయిచ్‌లాండ్‌ఫుంక్ 2015 డిసెంబరు 31తో మీడియం వేవ్ ప్రసారాలను ముగించినది. ఆకాశవాణికూడా పాతబడిన మీడియం వేవ్, షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్లలో కొన్నింటిని నిలిపివేసినది. దీనికి పాత రేడియోలలోనే ఒక పరిష్కారం ఉన్నది. చాలా వాల్వు రేడియోలకు వెనుకవైపున గ్రామఫోను పికప్ కలుపుకొనే రెండు రంధ్రాలు ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మరుగల రేడియోలలో వాటికి చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మరు ద్వారా మొబైల్ ఫోనును కలిపి, రేడియోలో ఏ మార్పూ చేయకుండానే పాటలు వినవచ్చును. ఛాసిస్ నేరుగా కరెంటుకు కలిసి ఉండే రేడియోలకు మాత్రం ఈ విధంగా ఏ పరికరాన్నీ కలపరాదు.

ఇవి కూడా చూడండి

* ఆకాశవాణి
* వాల్వు
* బేకలైటు
* ట్రాన్సిస్టరు
* వడ్రంగము